గొట్టంలో ఆగిపోయిన సీసం

ఏప్రిల్ పదకొండు, శుక్రవారం. సౌదీలో హాయిల్‌కి ఉత్తరాన, తోట వెనక రాళ్ళ దిబ్బ. ఉన్నవారు: తోట యజమాని పెద్దాయన, ఆయన పాకిస్తానీ డ్రైవరు, నేను. ఫ్లాస్కులు సర్ది ఇచ్చిన వంటమనిషి, కడప చెల్లెలు, ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ రోజు డైరీలో నేను రాసింది ఇంతే. చిన్నప్పటి నుంచి ఏ రోజు సంగతి ఆ రోజే రాసుకునే అలవాటు నాది. ఆ ఒక్కరోజు మాత్రం పేరాలు ముందుకు సాగలేదు. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను కాబట్టి మిగతాది తీరిగ్గా రాస్తున్నాను.

వృత్తికి నేను ఫిట్టర్ని. తుని దగ్గర వర్క్‌షాపులో పని నేర్చుకుని ఎడారికి వచ్చాను. గోధుమ, కూరగాయలు పండించే ఆ తోటలో పంపులు, గుండ్రంగా తిరుగుతూ నీళ్ళు చల్లే పొడవాటి పైపులు నా చేతిలో ఉండేవి. ఆ దేశంలో స్పానరు పట్టుకున్న ప్రతివాడినీ ముహందిస్ అంటారు, అంటే ఇంజినీరు. పెద్దాయన కూడా నన్ను అలాగే పిలిచేవాడు. మేం పనివాళ్ళం ఆయన్ని బాబా అనేవాళ్ళం.

అరవై దాటాక ఇంక చాలనిపించింది. పైపుల మీదికి ఎక్కితే మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. మా ఆవిడ ప్రతి వేసవిలో వచ్చేవాళ్ళ చేత ఆవకాయ జాడీ పంపేది. ఆ ఏడు ఫోనులో తేల్చి చెప్పేసింది.

"ఈసారి జాడీ పంపనండీ."

"ఏం, కాయలు రాలేదా?"

"రాకేం. పంపితే మీరు అది తింటూ ఇంకో ఏడు అక్కడే కూర్చుంటారు. వచ్చే మాటైతే చెప్పండి, అప్పుడు కొంటాను. ఎండలు ముదిరితే కాయ పండుకొచ్చేస్తుంది, ఆ తర్వాత మీరొచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే."

పెళ్ళయిన దగ్గర్నుంచి మేమిద్దరం కలిసి ఉన్నది సెలవుల్లోనే. అందుకే ఆ మాటకి నేను నవ్వలేకపోయాను.

కంపెనీల్లో పనిచేసేవాళ్ళు ఇప్పుడు తమ ఫోను నుంచే ఎగ్జిట్ పెట్టుకుంటున్నారు. తోటపనివాళ్ళకి, డ్రైవర్లకి, ఇంటి పనివాళ్ళకి ఆ వీలు లేదు. కఫీల్, అంటే వీసా ఇచ్చి పెట్టుకున్న యజమాని, తన ఫోనులో నొక్కాలి. ఖురూజ్ నిహాయీ, అంటే మళ్ళీ రాకుండా వెళ్ళిపోయే అనుమతి, ఆయన వేలి కింద ఉంటుంది. మా ఆవిడ ఫోనుకి చాలా ముందు, సంక్రాంతికి మునుపే అడిగాను. పెద్దాయన చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"బందూకు సంగతి తేల్చు ముహందిస్. మా నాన్న కొట్టినట్టు ఆ రాయికి ఒక్కటి తగలనీ. ఆ సాయంత్రమే నొక్కుతాను."

ఆ బందూకు ఆయన తండ్రిది. ఒక్కసారికి ఒక్క తూటా పట్టే పాతకాలపు రైఫిల్. కింద మీట దించితే నోరు తెరుచుకుంటుంది, తూటా పెట్టి మీట ఎత్తితే మూసుకుంటుంది. లైసెన్సు ఆయన పేరున ఉంది. ఆ కొలత తూటాలు బజార్లో దొరకవు. పేలిన ఇత్తడి తొడుగుల్నే మళ్ళీ నింపుకోవాలి. సీసం పని నాది, తుపాకి మందు నింపే పని ఆయనది. మందు డబ్బా ఆయన గదిలో తాళం వేసి ఉండేది, దాని జోలికి నన్ను రానిచ్చేవాడు కాదు.

నాకు సీసం పని ఇష్టంగానే ఉండేది. లారీ చక్రాలకి బ్యాలెన్సు కోసం కొట్టే సీసం ముక్కలు ఏరి, కరిగించి, పైన తేలిన మడ్డి తీసి, కాస్త టంకం కలిపేవాణ్ణి. తుపాకితో పాటే వచ్చిన ఇనుప అచ్చు ఉంది. అచ్చు చల్లగా ఉంటే గుండు ముడతలు పడుతుంది. మరీ వేడెక్కితే పైన బూడిద పూసినట్టవుతుంది. ఆ రెంటికీ నడుమ కాసేపు వెండిలా మెరిసే గుండ్లు రాలతాయి. వాటిని తడి గుడ్డ మీద పడేసి, ఆరాక బంగారప్పని వాళ్ళ త్రాసులో తూచి, తేడా వచ్చినవి మళ్ళీ గరిటెలోకి వేసేవాణ్ణి. నిలిచినవాటి గాడుల్లో మైనం, గొర్రెకొవ్వు కలిపి పూసి, వరసగా పెట్టి ఆయనకి ఇచ్చేవాణ్ణి.

ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక దిబ్బకి వెళ్ళేవాళ్ళం. ఎదర వాలులో సున్నం కొట్టిన రాయి ఉంది. పెద్దాయన ఇసక సంచి మీద తుపాకి ఆనించి కాల్చేవాడు. దుమ్ము రాయికి ఎడమన లేచేది, కుడిన లేచేది, ఒక్కోసారి ఎక్కడో కొండమీద లేచేది.

"తగిలిందా?"

"లేదు బాబా."

"సీసంలో ఏదో ఉంది."

"మళ్ళీ పోస్తాను బాబా."

తప్పు నిజంగానే సీసంలో ఉందనుకున్నాను. టంకం తగ్గించాను, పెంచాను. మైనం మార్చాను. అచ్చు విప్పి కిరసనాయిలుతో కడిగాను. శుక్రవారాలు గడుస్తున్నాయి, గుండ్లు ఒకదాన్ని మించి ఒకటి బాగా వస్తున్నాయి, రాయి మాత్రం తెల్లగా అలాగే ఉంది. డ్రైవరుకి ఇది మంచి తమాషా అయిపోయింది.

"ఉస్తాద్‌జీ, ఆ రాయికి మీ సీసం నచ్చడం లేదు. కాస్త చక్కెర కలపండి."

"నువ్వు బండి చూసుకో నాయనా."

"బండి బాగానే ఉంది. ఇరుక్కున్నది మీరు. ఈసారి నేను రాయి దగ్గర నించుని లగ్ గయా, తగిలింది అని అరుస్తాను. ఇంటికి పొండి."

"ఆయన రాయి తెప్పించి తడిమి చూస్తానంటే?"

"సుత్తి తీసుకెళ్తాను జీ. నాకు ఆ మాత్రం తెలీదా?"

నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ మాట నేను చాలా రోజులు మనసులో తిప్పుకున్నాను.

అసలు సంగతి చెప్పింది కడప చెల్లెలు. ఆమె ఇంట్లో వంటపని చేసేది, నాకంటే బాగా చిన్నది. భోజనం తెచ్చుకోవడానికి వంటింటి వెనక గుమ్మానికి వెళ్ళినప్పుడు గిన్నె చేతికిస్తూ అడిగింది.

"అన్నా, ఇంకా ఆ సీసమే కాగబెడ్తాండావా?"

"ఏం చేయమంటావమ్మా. గుండు సరిగ్గా రావాలి కదా."

"గుండేం జేసింది? ఆయప్పకు కండ్లు అగపడవన్నా. నీకు దెలీదా?"

నేను గిన్నె గుమ్మం మీద దించాను.

"టీ పెట్టినప్పుడు చెంచాతో కప్పును ఒకసారి మోగిస్తా. ఆ సప్పుడు ఇని చెయ్యి సాపుతాడు. అమ్మగారికి దెలుసు, నాకు దెలుసు. కొడుక్కు దెలీకూడదని ఇంట్లో అందరం నోర్లు మూసుకోనుండాం. నువ్వు ఇంజనీరువంట, ఇన్నాళ్ళూ సూడల్యా?"

అప్పుడు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఫోను మోగితే డ్రైవరు చేత ఎత్తించడం. ఎగ్జిట్ మాట ఎత్తగానే ఫోనుని జేబులోకి తోసేయడం. ఫోనులో నాలుగంకెల కోడు వస్తుంది, అది చదివి కొట్టాలి. ఆయన చదవలేడు. చదవమని రియాద్‌లో ఉన్న కొడుకుని అడగడు. రాయికి తగిలేదాకా ఆగమన్నాడంటే, ఆ రోజు రాదని ఆయనకి తెలుసు.

ఆ సంగతి తెలిశాక నాకు ఇంకా ఊపిరాడకుండా అయ్యింది. అంతకుముందు గుండు బాగా పోస్తే బయటపడతానన్న ఆశ ఉండేది. ఇప్పుడు చేతిలో పని కూడా లేదు. మీకు కళ్ళు కనపడవు అని కఫీల్ ముఖం మీద అనాలి, అంటే ఆయన పరువు పోతుంది. అనకపోతే నేను ప్రతి శుక్రవారం సీసం తప్పు ఒప్పుకుంటూ అక్కడే ముసలివాణ్ణవుతాను. ఆయన కోపిష్టి అయితే తిట్టుకుంటూ రోజులు గడిపేవాణ్ణి. ఆయన మంచివాడు. మంచి ఖర్జూరం వస్తే మొదటి పళ్ళెం నా గదికి పంపేవాడు. నేను జ్వరంతో పడుకుంటే వచ్చి మంచం అంచున కూర్చునేవాడు. మా ఆవిడ పంపిన ఆవకాయ రొట్టెలో అద్దుకుని తిని, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, మళ్ళీ అడిగేవాడు.

మాట ఎలా మొదలెట్టాలో తేల్చుకోలేక, మళ్ళీ గుండ్లు పోశాను. ఆ గుండ్లతోనే పదకొండో తారీకు దిబ్బకి వెళ్ళాం.

మొదటి తూటాకి దుమ్ము కుడిన లేచింది. రెండోదానికి కూడా అక్కడే. మూడోది కాల్చినప్పుడు శబ్దం వేరుగా వచ్చింది. మూసిన గదిలో పుస్తకం నేలమీద పడ్డట్టు, అంతే. తుపాకి ఆయన భుజాన్ని వెనక్కి తోయలేదు. నేను వాలంతా చూశాను. ఎక్కడా దుమ్ము లేవలేదు.

"తగిలిందా?" అన్నాడు పెద్దాయన. దుమ్ము లేవలేదంటే రాయికే తగిలిందేమోనన్న ఆశతో డ్రైవరు కళ్ళజోడు పైకి ఎత్తి చూస్తున్నాడు.

గుండు బయటికి రాకపోతే ఎక్కడుంది? నేను అది ఆలోచిస్తున్నంతలో ఆయన మీట దించాడు, తొడుగు కింద పడింది, సంచిలోంచి ఇంకో తూటా తీసి వేలితో తోసేశాడు. మీట ఎత్తబోతున్నాడు. ముందు గుండు గొట్టంలో ఇరుక్కుని ఉండగా రెండోది పేలిస్తే గొట్టం పగులుతుంది. దాని పక్కనే ఆయన చెంప ఉంది.

"వగ్గిఫ్!" అని అరిచి మీట మీదున్న ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను.

ఆగు అని కఫీల్ మీద అరవడం, ఆయన చెయ్యి పట్టి ఆపడం, రెండూ నేనెన్నడూ చేయని పనులు. డ్రైవరు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"చెయ్యి తియ్యి."

"తూటా తీసేయండి బాబా. ముందుది బయటికి పోలేదు."

"పోయింది. చప్పుడు విన్నాను."

"దుమ్ము లేవలేదు."

దుమ్ము ఆయన ఎప్పుడూ చూడలేదు కదా. తూటా నేనే బయటికి తీశాను. డ్రైవరు ఇత్తడి కడ్డీ తెచ్చాడు. గొట్టం చివరి నుంచి దాన్ని నెమ్మదిగా దించాను. సగం దిగి ఆగిపోయింది. ఆయన చెయ్యి తీసుకుని కడ్డీ మీద పెట్టాను. ఆయన వేళ్ళు కడ్డీ వెంట కిందికి జారి, గొట్టం అంచు దగ్గర ఆగి, మళ్ళీ పైకి వచ్చాయి. ఇంకా ఎంత కడ్డీ బయటే ఉందో ఆ వేళ్ళకి అర్థమైంది. కడ్డీ కొద్దిగా నొక్కి చూశాడు. కదలలేదు.

"సీసం తప్పా?" అన్నాడు చివరికి.

ఆ ప్రశ్నకి అన్ని శుక్రవారాలూ నేను ఒకే జవాబు చెప్పాను.

"కాదు బాబా. సీసం బాగుంది. తొడుగులో మందు సరిగ్గా పడలేదు."

డ్రైవరు తల దించుకుని ఫ్లాస్కులు సర్దడం మొదలెట్టాడు. పెద్దాయన చాపమీద కూర్చున్నాడు. మందు నింపేది తనే. కొలత గిన్నె నిండిందో లేదో వేలితో తడిమి చూసుకుంటున్నాడని ఆ మాటతో ముగ్గురి మధ్యా బయటపడిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు బండిలో డ్రైవరు ఎప్పుడూ పెట్టే పాటలు పెట్టలేదు. దిగాక నా చెవిలో మాత్రం అన్నాడు: "ఉస్తాద్‌జీ, ఈరోజు ఆయన ప్రాణం కాపాడారు. మీ ఖురూజ్ మాత్రం పోయింది."

నేనూ అదే అనుకున్నాను. ఆ రాత్రి డైరీ తెరిచి, ఉన్నవారి పేర్ల బదులు ఎవరేం పనిచేసేవారో రాసి, మూసేశాను.

మర్నాడు పొద్దున్న పంపు దగ్గరికి వెళ్ళబోతుంటే పెద్దాయన కబురు పంపాడు. వరండాలో చాపమీద కూర్చుని ఉన్నాడు. తుపాకి గోడకి ఆనించి ఉంది, కడ్డీ ఇంకా దాని నోట్లోనే ఉంది.

"కూర్చో ముహందిస్."

కడప చెల్లెలు టీ తెచ్చింది. పళ్ళెం కింద పెట్టి, అలవాటు ప్రకారం చెంచా ఎత్తింది. ఆయన ముందే చెయ్యి చాపాడు.

"మోగించకు. చేతికియ్యి."

ఆమె నావైపు ఒకసారి చూసి, కప్పు ఆయన చేతిలో పెట్టి, వేళ్ళు దాని చుట్టూ సర్ది, లోపలికి వెళ్ళిపోయింది.

"నా కొడుక్కి తెలిస్తే ముందు ఫోను తీసుకుంటాడు," అన్నాడు. "తర్వాత బండి తాళం, తర్వాత బందూకు. ఆ తర్వాత నన్నే తీసుకెళ్ళి రియాద్‌లో ఎత్తైన మేడలో కూర్చోబెడతాడు. అక్కడ కిటికీ తెరవడానికి కూడా ఎవరినో అడగాలి."

"ఆపరేషను చేస్తే చూపు రావచ్చు బాబా. హాయిల్‌లోనే చేస్తారు."

"ఆపరేషను కాగితం మీద కొడుకు సంతకం అడుగుతారు. ఈరోజు వాడికి నేనే ఫోను చేస్తాను. అంతకుముందు నీ పని." జేబులోంచి ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. "చదువు."

కోడు వచ్చింది. అంకెలు చదివాను, ఆయన చెప్పినట్టు కొట్టాను. నా పేరు, ఇకామా నంబరు, అంటే అక్కడ ఉండే అనుమతి నంబరు, వచ్చాయి. వాటికింద రెండు గడులు.

"ఏమున్నాయి?"

"మొదటిది వెళ్ళి తిరిగి రావడానికి. రెండోది నిహాయీ."

"మొదటిది నొక్కుదామని నేను అనుకుంటూ ఉండేవాణ్ణి," అన్నాడు. "రెండు నెలలు వెళ్ళి రా. వచ్చి నాకు గుండ్లు పొయ్యి."

ఆయన వేలు చాపాడు. "ఎక్కడ నొక్కాలో పెట్టు."

ఆ వేలిని పట్టుకుని రెండో గడి మీదికి తెచ్చి, అద్దానికి తగలకుండా ఆపాను.

"ఎక్కడుంది నా వేలు?"

"నిహాయీ మీద బాబా."

వేలు అలాగే గాలిలో ఉండిపోయింది. టీ ఆవిరి తగ్గిపోయింది. నేను ఆ వేలిని కిందికి నొక్కలేదు, పక్కకి జరపలేదు. చివరికి ఆయనే నొక్కాడు. కాసేపటికి నా జేబులో ఫోను మెసేజి వచ్చినట్టు మోగింది.

"వచ్చిందా?"

"వచ్చింది."

నేను లేచి తుపాకి దగ్గరికి వెళ్ళాను. "వెళ్ళేలోగా ఆ సీసం కొట్టి తీసేస్తాను బాబా. ఒక్క గంట పని."

"వద్దు. ఉండనీ. అది అందులో ఉంటే ఎవడూ కాల్చలేడు. నా కొడుకు తీసుకెళ్ళి గోడకి తగిలించుకోనీ." కప్పు ఖాళీ చేసి నావైపు చాపాడు. "పో, మీ ఇంటికి ఫోను చెయ్యి."

అక్కడే నిలబడి చేశాను. మా ఆవిడ ఎత్తింది. వస్తున్నానని చెప్పాను. ఆమె వెంటనే సంచీ ఎక్కడుందో ఎవరినో అడిగింది.

"ఏమంటోంది?" అన్నాడు పెద్దాయన.

"బజారుకి వెళ్తోంది బాబా. మామిడికాయలకి."