సంగటి మానేసిన ఎండాకాలం

కర్నూల్లో మేముండే వీధి మలుపులో సాయంత్రమయ్యేసరికి కొందరు ఆడవాళ్ళు కట్టెల పొయ్యిలు ముట్టించి జొన్నరొట్టెలు తడతారు. కాలిన పిండి వాసన, దాని వెనకే కాస్త పొగ, ఆటోలు వదిలే కంపును పక్కకు తోసుకుని మా గుమ్మం దాకా వస్తుంది. కొనేవాళ్ళలో ఆకలేసి వచ్చినవాళ్ళు తక్కువ. షుగరో బీపీయో ఉందని డాక్టరు చెబితే వచ్చినవాళ్ళే ఎక్కువ. నేనూ ఆ వరసలోనే నిలబడతాను. రొట్టె తినమన్న డాక్టరే నిద్రకు మాత్ర కూడా రాశాడు. తిండికీ నిద్రకూ విడివిడిగా మందుల చీటీ రాయించుకునే రోజులొచ్చాయి గానీ, నా చిన్నప్పుడు ఆ రెంటినీ ఎవరూ విడదీసి చూడలేదు.

మాది కడప వైపు ఒక నేతగాళ్ళ ఊరు. ఇంటింటికీ గుంత మగ్గం ఉండేది. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించి కూర్చుని నేసేవాళ్ళు. ఎండెక్కితే దారం పెళుసుబారుతుందని తెల్లవారకముందే వీధి పొడుగునా పడుగు దారాలు సాగదీసి గంజి పట్టించి, ఆ పులిసిన వాసన వదలని చేతులతోనే రాత్రి సంగటిని మజ్జిగలో పిసుక్కుని, ఎర్రగడ్డ, అంటే ఉల్లిపాయ, కొరుక్కుంటూ తాగి మగ్గంలోకి దిగేవాళ్ళు. మధ్యాహ్నం వేడివేడి రాగిసంగటి, శనక్కాయల ఊరిబిండి పచ్చడి, దొరికిన రోజు గోంగూర. ఉగాదికి పూర్ణం పెట్టిన ఓళిగలు, పీర్ల పండక్కి వీధి చివర టీ అంగడి మాబు మామ ఇంటి నుంచి చెంబుతో వచ్చే బెల్లం పానకం. అంత కమ్మటి పానకం మళ్ళీ ఎక్కడా తాగలేదు.

సంగటి తిన్నాక వీధి వీధంతా పడుకునేది. నేసిన బట్ట మీద పాత పంచె కప్పి, కడప బండలు పరిచిన చల్లటి నేల మీద మా నాయన ఒళ్ళు వాల్చేవాడు. బొంగరాలతో మేం గోల చేస్తే అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, చీపురు చూపించేది. ఆ వేళ నిద్రపోయే మనిషిని లేపడమంటే మా వీధిలో పెద్ద తప్పు. మాకు నూలిచ్చి చీరలు తీసుకునే సావుకారి మనిషి వచ్చినా అరుగు మీద కూర్చుని, లోపల ఎవరైనా దగ్గేదాకా కాచుకునేవాడు.

అవ్వ కండ్లకు పొర కమ్మింది. సాయంత్రాలు మగ్గం దగ్గరికొచ్చి ఆనాటి నేతను వేళ్ళతో తడిమేది. గట్టిగా, సమంగా ఉంటే "ఈడ నిద్దర ఉండాది" అనేది. ఒక చోట బిగువుగా, ఒక చోట వదులుగా తగిలితే "ఈడ లేదు" అనేది. నాయన నవ్వేవాడు.

నేను ఐదో తరగతి ముగించిన ఎండాకాలం పక్క ఊళ్ళోకి కరెంటు మగ్గాలు దిగాయి. పెండ్లిళ్ళ కాలానికి చీరలు అందకపోతే నూలు ఇక మీ గడపకు రాదని సావుకారి కబురు పెట్టాడు. నూలు రాకపోతే మేం ఏమైపోతామో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. నాయన మాత్రం తనకు తానే ఒక ఉపాయం కనిపెట్టాడు.

"సల్లారిపోతాండాది, తిందురు రాండి" అని అమ్మ పిలిస్తే, "వద్దులే. సంగటి తింటే కండ్లు మూతలు పడతాండాయి. మాబు కాడికి పోయి టీ తాగొస్తా" అన్నాడు.

అలా నిద్రను ఆపడానికి తిండి ఆపేశాడు. పొద్దున టీ, మధ్యాహ్నం టీ, రెండు బన్నులు. వారం తిరిగేసరికి కడుపులో మంట అని వంటసోడా నీళ్ళు తాగేవాడు. మా మీద ఏనాడూ గొంతు పెంచని మనిషి, దారం కండెలు చుట్టడం ఆలస్యమైందని అమ్మ ముందున్న రాట్నాన్ని కాలితో తన్నాడు. ఒక చీర ముగించి ఎప్పుడైనా పడుకున్నా, నిద్ర పట్టక పాదాలు మగ్గం తొక్కుతున్నట్టు కదులుతూనే ఉండేవి. నాకు మా నాయనంటే భయం మొదలైంది ఆ ఎండాకాలమే.

టీ అమ్ముకునే మాబు మామే ఒకరోజు గ్లాసు చేతికివ్వకుండా పట్టుకుని, "ఏమప్పా, దినామూ ఇదేనా? నేనే చెప్తాండా, ఇంటికి పోయి ఇంత తిని పండుకో" అన్నాడు. అవ్వ బట్ట తడిమి, "ఈడా లేదు నాయనా, ఈడా లేదు" అంటూ పోయింది. "ఈ చీరలు కానీమ్మా, శానా పండుకుంటా" అన్నాడు నాయన.

మధ్యాహ్నం మగ్గం చప్పుడులోనే నిద్రపోవడం మాకు అలవాటైపోయింది. అందుకే ఆ రోజు అది ఆగగానే నాకు మెలకువొచ్చింది. నాయన నేసిన బట్ట మీదికి వాలి, చెంప ఆనించి పడుకుని ఉన్నాడు. అటూ ఇటూ దారం మోసే నాడె పడుగు మధ్యలో ఆగి ఉంది. అమ్మ వచ్చి చూసింది, ఊపిరి ఆడుతోంది. అవ్వ పెదాల మీద వేలు పెట్టుకుని, "లేపాకండి. ఇన్నాళ్ళకు కునుకు పట్టింది" అంది. ఇంట్లో అందరికీ ఎంత సంతోషమో. అమ్మ చప్పుడు చేయకుండా సంగటికి ఎసరు పెట్టింది. అవ్వ వాకిట్లో కూర్చుని వీధి పిల్లలను దూరంగా తోలింది.

పొద్దు వాలాక అమ్మ తట్టి పిలిస్తే ఆయన లేవలేదు. మూతి ఒక పక్కకు పోయింది. కడపలో డాక్టరు నాడి చూస్తూ, పడిపోయి ఎంతసేపయిందని అడిగాడు. "నిద్దరనుకుంటిమి సారూ" అంది అమ్మ.

కుడి పక్క చచ్చుబడిన ఒంటితో నాయన నాలుగేండ్లు బతికాడు. అమ్మ సంగటి ముద్దలు చేసి నోట్లో పెడుతుంటే, "ఇంగ నిద్దరొచ్చినా ఏంలే" అన్నాడొకసారి, మాట ముద్దగా. అవ్వ ఆ తర్వాత ఎవరి మగ్గం దగ్గరికీ పోలేదు.

ఇప్పుడు ఊళ్ళో మా పాత వీధిలో మగ్గం గుంతలన్నీ పూడ్చి టైల్సు పరిచారు. పడుగులు సాగదీసిన చోట బైకులు నిలబెడుతున్నారు. నిద్రపోయేవాళ్ళ కోసం అరుగు మీద కాచుకునే ఓపిక ఎవరికీ లేదు, నాకు అసలే లేదు. ఆదివారం మధ్యాహ్నం నా కూతురు తిని పడుకుంటే పక్క గదిలో కాసేపు కూర్చుంటాను. ఆ నిశ్శబ్దం నావల్ల కాదు. లేచి పోయి భుజం తట్టి లేపుతాను.

"ఏంది నాన్నా, ఇప్పుడే పండుకుంటి" అని విసుక్కుంటుంది. మాట తిన్నగా పలికిందో లేదో విని, వెనక్కి వచ్చేస్తాను.