నోరు మెదపని బండి

గజపతినగరంలో ఎవరి బండికి ఏ జబ్బు చేసినా ముందు నా దగ్గరికి తెచ్చేవారు. నేను మెకానిక్‌ని కాను. జగన్నాధంగారి టెంట్ హౌస్‌లో డ్రైవర్‌ని, పేరు ఎలీషా. బానెట్ కూడా ఎత్తనిచ్చేవాణ్ణి కాదు. కళ్లు మూసుకుని, తల ఒక పక్కకి వంచి ఇంజిన్ చప్పుడు వినేవాణ్ణి. కాసేపటికి "నాజిల్" అనేవాణ్ణి, లేకపోతే "బేరింగు" అనేవాణ్ణి. పదింట ఏడుసార్లు నిజమయ్యేది. మిగతా మూడుసార్లు మెకానిక్‌కి పని రాదని అందరం కలిసి తీర్మానించేవాళ్లం. కళ్లు మూసుకోవలసిన అవసరమేమీ లేదు గాని, మూసుకుంటే చుట్టూ ఉన్నవాళ్లు మాటలు ఆపేవారు. ఆ మర్యాద నాకు బాగా నచ్చేది.

ఆ చెవులు చూసుకుని ఇరవై నాలుగేళ్లు మిడిసిపడ్డాను. షామియానాలు, ఇనపపైపులు, కుర్చీలు, వంటగిన్నెలు, జనరేటరు, మైకుసెట్టు, పెళ్లికైనా, మా బాప్టిస్టు సంఘం మహాసభలకైనా, దినాలకైనా నా బండిలోనే వెళ్లాలి. ఆ పాతబండి సెల్ఫ్ మోటారు పనిచేసిన రోజులు నాకు పెద్దగా గుర్తులేవు. అందుకని ఇంజిన్ ఆపేవాణ్ణి కాదు. భోజనానికి దిగినా అది అలా కొట్టుకుంటూనే ఉండేది. తప్పనిసరై ఆపాలంటే, మళ్లీ దొర్లించి స్టార్టు చేసుకోడానికి పల్లం చూసుకుని ఆపేవాణ్ణి. చుట్టుపక్కల ఏ ఊళ్లో ఏ వీధికి ఎంత వాలుందో పంచాయతీవాళ్లకంటే నాకే ఎక్కువ తెలుసు. బండి ఆగిందంటే పరువు పోయినట్టే అని మనసులో ముద్ర పడిపోయింది.

రెండువేల పదిహేడు వేసవిలో జగన్నాధంగారు విజయనగరంలో కొత్త పికప్ కొన్నారు. బండి అప్పగించేటప్పుడు షోరూములో షాలిని అనే అమ్మాయి నన్ను సీట్లో కూర్చోబెట్టి అరగంటసేపు వివరించింది. మెల్లగా మాట్లాడే పిల్ల. నాకు సగం మాటలు అందలేదు. ఇరవై నాలుగేళ్ల డ్రైవర్‌ని, ఆ వయసు పిల్లని మళ్లీ చెప్పమని ఎలా అడుగుతాను? ఆమె పెదవులు ఆగినప్పుడల్లా తల ఊపాను. చివర్లో అర్థమైందా అంకుల్ అని అడిగినట్టుంది.

"ఇందులో అర్థం కాకపోడానికి ఏటున్నాదమ్మా" అన్నాను.

ఏమున్నదో తిరుగు ప్రయాణంలోనే తెలిసింది. రైలు గేటు పడితే ఆగి, న్యూట్రల్ చేసి, కాళ్లు రెండూ వెనక్కి తీసుకున్నాను. బండి ఒక్కసారి ఒళ్లు విరుచుకున్నట్టు కదిలి చల్లబడిపోయింది. నా గుండె కూడా అంతపనీ చేసింది. పసుపు, కుంకుమ, మెడలో బంతిపూల దండ ఉన్న బండి, మొదటిరోజు, నడిరోడ్డు మీద. దిగాను. ఏనాడూ ఎత్తని బానెట్ ఎత్తాను. లోపల అన్నీ నల్లటి మూతలు, వాటిలో ఏది ఏమిటో నా తాతకి తెలియదు. అయినా ఒక గొట్టాన్ని పట్టుకుని ఆలోచిస్తున్నట్టు నిలబడ్డాను. రైలు వెళ్లింది, గేటు లేచింది, వెనక బస్సుల్లోంచి జనం దిగి నా చుట్టూ చేరారు. పక్క ఆటోలోంచి ఒకతను క్లచ్ తొక్కి చూడమన్నాడు. నవ్వుకుంటూ తొక్కాను. బండి లేచింది. నా నవ్వు మాత్రం అక్కడే ఆగిపోయింది.

దుకాణానికి చేరేలోపలే ఆ కబురు జగన్నాధంగారికి చేరిపోయింది. షాలిని చెప్పినదంతా ఆయన శ్రద్ధగా విన్నారు కాబట్టి నాకు మళ్లీ పాఠం చెప్పారు. దీన్ని మైల్డ్ హైబ్రిడ్ అంటారట. ఆగినచోట న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ వదిలేస్తే ఇంజిన్ దానంతటదే ఆగుతుంది, క్లచ్ తొక్కగానే లేస్తుంది. బ్రేకు వేసినప్పుడు పోయే బలంతో బ్యాటరీ నిండుతుంది. డీజిల్ కలిసొస్తుంది.

"నీకు వయసైపోనాదని మా మురళీమోహన్ అంతన్నాడు" అన్నారాయన. మురళీమోహన్ ఆయన మేనల్లుడు, ఎప్పటినుంచో స్టీరింగు మీద కన్నేసినవాడు. "నెల రోజులు సూస్తాను ఎలీషా. అలవాటైతే బండి నీది. నేదంటే ఆడు సీటెక్కుతాడు, నువ్వు గోడౌన్లో కుర్సీలు సూసుకో."

మా గోడౌన్‌కి కిటికీ లేదు. చిరిగిన షామియానాల మధ్య కూర్చుని, విరిగిన కుర్చీలు పక్కన పెట్టే మనిషిని వెతుక్కుంటూ ఎవరు వస్తారు? నా దగ్గరికి బండ్లు తెచ్చేవాళ్లు అక్కడికి రారు. ఆ భయంతో మర్నాటినుంచి కొత్తబండితో యుద్ధం మొదలుపెట్టాను.

బ్రేకు మీద కాలు ఆనిస్తే చాలు, వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకున్నట్టుండేది. దానికి వారంలో అలవాటుపడ్డాను. ఆగడం ఒక్కటే మింగుడుపడలేదు. ఈ బండి పాతదానిలా ఒళ్లంతా వణికిపోతూ మాట్లాడదు. ఆగిందో, నడుస్తోందో నాకు తెలిసేది కాదు. ఎదురుగా ముళ్లు తిరిగే గడియారాలు ఉన్నాయి గాని, గడియారాలు చూసి బండి నడిపేవాళ్లంటే నాకు చిన్నచూపు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. ఎక్కడ ఆగినా క్లచ్ మీంచి కాలు తియ్యకపోవడం, పైగా నా చెవికి గట్టిగా ఆనేదాకా ఎక్సలేటర్ తొక్కి చూసుకోవడం. అలా తొక్కితేగాని నాకు మనశ్శాంతి ఉండేది కాదు.

ఊరికి మాత్రం మనశ్శాంతి పోయింది. ఒక చావింటి ముందు షామియానా సామాను దింపుతూ అలవాటు ప్రకారం నాలుగుసార్లు తొక్కాను. పోయిన పెద్దాయన చెల్లెలు లక్ష్మణమ్మ ఏడుపు ఆపి వచ్చి కిటికీ మీద కొట్టింది.

"ఏటిరా ఎలీషా, మా అన్నయ్య లెగిసొస్తాడనుకున్నావేటి? ఆపరా ఆ గోల."

"బండి ఆగిపోతన్నాదమ్మా" అన్నాను.

"ఆగనీ. ఇక్కడ మనిషే ఆగిపోనాడు."

నెల ముగిసేసరికి కొత్తబండి పాతదానికంటే ఎక్కువ డీజిల్ తాగింది. క్లచ్ దగ్గర కాలిన వాసన మొదలైంది. జగన్నాధంగారు మొహం మాడ్చుకుని, బండి లోపమో మనిషి లోపమో తేలుద్దాం పదమన్నారు. నాకు లోలోపల సంతోషమే. బండి సంగతి నలుగురిలో కడిగి పారేద్దామని ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ బయల్దేరాను.

షోరూమువాళ్ల సర్వీసు సెంటరులో ఫిన్నీ అనే మెకానిక్ నా ఫిర్యాదు ఓపిగ్గా విన్నాడు. నడపండి బాబాయ్, చూద్దాం అని మధ్యలో కూర్చున్నాడు. జగన్నాధంగారు అటు కిటికీ పక్కన. ఒక వీధి చివర నీడలో ఆపి, న్యూట్రల్ చేశాను.

"ఇదిగో, ఆగిపోనాది. సూసేరా" అన్నాను గెలిచినవాడిలా.

ఫిన్నీ నా ఎడమకాలి వైపు చూశాడు.

"ఆగలేదు బాబాయ్. మీ కాలు క్లచ్ మీదే ఉంది. ఇంజిన్ నడుస్తోంది."

"ఏటి నడుస్తన్నాది? నా సెవులు నాకు సెప్పవేటి?"

అతను వేలుపెట్టి ఇంజిన్ తిరుగుడు చూపే గడియారంలో ముల్లు చూపించాడు. అది సున్నా మీద లేదు. తర్వాత నా చెయ్యి పట్టుకుని డాష్‌బోర్డు మీద ఆనించాడు. అరచేతి కింద సన్నగా అదురుతోంది. అతను తాళం తిప్పాడు, అదురు ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు, మొదలైంది. చెయ్యి తియ్యమని, కళ్లు మూసుకోమని చెప్పి, నడుస్తోందా ఆగిందా అని మరి రెండుసార్లు అడిగాడు. ఒకసారి ఊహించి తప్పు చెప్పాను. రెండోసారి చెప్పలేదు. కళ్లు తెరిస్తే జగన్నాధంగారి పెదవులు కదులుతున్నాయి. ఆయన నన్ను పిలుస్తున్నారని, చాలాసేపటినుంచి పిలుస్తున్నారని ఆయన ముఖం చూస్తే తెలిసింది. ఆ కాసేపు నాకు బతకాలనిపించలేదు. ఊరందరి ఇంజిన్లకీ జబ్బులు చెప్పిన మొనగాణ్ణి, నా కాళ్ల దగ్గరున్న ఇంజిన్ వినపడక నెల్లాళ్లు దాన్ని తిట్టాను.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని మా ఆవిడ కాంతానికి చెప్పాను. ఆమె కంచంలో పులుసు వేస్తూ నా ముఖంలోకి చూసి, ఒక్కో మాటా గట్టిగా పలికింది. అలా పలకడం ఆమెకి ఎప్పటినుంచో అలవాటని అప్పుడు గమనించాను.

"నీకు ఇనపడదని నాకు రెండేళ్లై తెలుసు."

"మరి సెప్పవేటి?"

"సెప్పేను. ఆస్పత్రికి పోదారన్నాను. నువ్వు, నా సెవుల గురించి నాకు సెప్తావేటని కంచం తోసీసి లెగిసిపోనావు."

నిజమే. ఆ కంచం గోడకి తగిలిన సొట్ట కూడా గుర్తొచ్చింది. ఆ పూట మాత్రం బుద్ధిగా తిన్నాను.

తెల్లారి నేనే వెళ్లి జగన్నాధంగారి బల్ల మీద తాళం పెట్టాను. లోపం బండిది కాదు బాబూ, నాది, చెవులు పోయాయి అన్నాను. ఆ మాట పైకి అనడానికి దారిపొడుగునా సాధన చేసుకున్నాను. ఆయన తాళం తీసి సొరుగులో వేశారు.

"ముందు డాక్టరుకి సూపించుకో. తర్వాత మాటాడదాం. అందాకా గోడౌనే ఎలీషా."

డాక్టరుగారు మొదట నేనేం పని చేస్తానని అడిగారు. బండి, జనరేటరు, మైకుసెట్టు అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా రాసుకున్నారు. చెవిలో పెట్టుకునే మిషను తయారై వచ్చేసరికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలు కిటికీలేని గోడౌన్లో కుర్చీల కాళ్లు చూస్తూ గడిపాను. నేను అనుకున్నట్టే ఎవరూ రాలేదు. మురళీమోహన్ మాత్రం రోజూ వచ్చి, కుర్చీలు ఎక్కించడానికి మనుషులు కావాలని కేకేసేవాడు. కనీసం అతని కేక నాకు వినపడేది.

మిషను పెట్టుకున్న మొదటిరోజు చొక్కా గుండీలు పెట్టుకునే చప్పుడుకి కూడా ఉలిక్కిపడ్డాను. జగన్నాధంగారు దుకాణం ముందు నన్ను వెనక్కి తిప్పి నిలబెట్టి, పది అడుగుల దూరంనుంచి మామూలు గొంతుతో మాట్లాడి చూశారు. తర్వాత తాళం ఇచ్చారు.

"గరివిడి పెళ్లికి సామాను దింపిరా. ఈ ట్రిప్పు సూసి సెప్తాను."

వెనక కుర్చీల మీద మా ఎత్తుడు కూలీలు సోములు, అసిరయ్య ఎక్కారు. నేను గడియారంలో ముల్లు చూసుకుంటూ, కొత్తగా నేర్చుకునేవాడిలా ఒద్దికగా నడిపాను. గరివిడి దాపుల్లో రైలు గేటు పడింది. ఆపాను. న్యూట్రల్ చేశాను. ఊపిరి బిగబట్టి క్లచ్ మీంచి కాలు తీసేశాను. ఇంజిన్ ఆగింది. ఆగడం నాకు వినపడింది. ఎంత హాయిగా ఉందంటే, ఇంతకాలం నేను భయపడింది దీనికా అని సిగ్గేసింది.

ఆ నిశ్శబ్దంలో వెనకనుంచి మాటలు వినిపించాయి.

"ఇయాళ యెనక్కి సూసే వంతు ఎవుడిదిరా?" అసిరయ్య గొంతు.

"ఇంక వంతేటి? మావకి మిషనెట్టేరు కదా. లారీ ఆరను ఆడే ఇనుకుంతాడు."

"రెండేళ్లై సూస్తన్నాం కదురా. మెడ అలవాటైపోనాది."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. వెనకనుంచి లారీయో బస్సో హారన్ కొట్టుకుంటూ వస్తే నాకు వినపడదని వాళ్లకి తెలుసు. వంతులు వేసుకుని, ఒకడు ఎప్పుడూ వెనక్కి చూస్తూ కూర్చునేవాడు. బండి రాగానే క్యాబిన్ మీద బాదేవాడు. ఆ బాదుడు విని నేను అద్దంలో చూసి పక్కకి తప్పుకునేవాణ్ణి. టీ కోసం అల్లరి చేస్తున్నారనుకుని, కొత్తబండి రంగు పోతుందని వాళ్లని ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. రెండేళ్లుగా, పాతబండినైనా ఈ బండినైనా, ముగ్గురం నడుపుతున్నాం. నేనొక్కణ్ణే నడుపుతున్నాననుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. కళ్లనీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు.

గేటు లేచింది. క్లచ్ తొక్కితే బండి లేచింది. కదిలేముందు కిటికీలోంచి తల బయటపెట్టాను.

"ఒరే సోములు, వంతు ఎవుడిదైనా మానీకండి. సూస్తుండండ్రా."