నాడె ముద్దు మాన్పించబోయిన ఈనక్

మగ్గాల మేస్త్రీలకు బుర్ర ఉండదని ఇంగ్లండులోని లాంకషైర్‌లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గోడగడియారం ఆగిపోతే, పాపం దానికి నిద్ర పట్టిందేమోనని మేస్త్రీ మునివేళ్ల మీద నడుస్తాడని మా లోయలో చెప్పుకుని నవ్వుతారు. ఈనక్ డక్‌వర్త్ ఒక బట్టల మిల్లులో మగ్గాలు బాగుచేసే మేస్త్రీ. పైగా ఏదో ఒకటి కనిపెట్టాలన్న పిచ్చి ఉన్నవాడు. విక్టోరియా రాణి ముసలావిడైన ఆ రోజుల్లో ఆ పిచ్చి లేనివాడెవడు? ఆవిరితో గుడ్లు పొదిగిస్తానని ఒకడు, ప్రసంగం మధ్యలో కునుకు తీసేవాళ్లను పొడిచే బల్ల చేస్తానని ఇంకొకడు, వీధికొకడు చొప్పున తయారయ్యారు.

ఈనక్ పిచ్చికి మాత్రం ఒక కారణం ఉంది. ఆ కారణం అతని భార్య తబితా. అదే మిల్లులో నాలుగు మరమగ్గాలు నడిపేది.

మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో దారం చుట్టిన కండె అయిపోగానే కొత్త కండె పెట్టి, దాని దారపు కొసను నాడె కన్ను అనే చిన్న బెజ్జంలోంచి బయటికి తేవాలి. అందుకు అందరికీ తెలిసిన దారి ఒకటే, కన్నుకి పెదవులు ఆనించి గట్టిగా పీల్చడం. మిల్లుల్లో దాన్ని ముద్దు అంటారు. దారంతో పాటు నూనె, దుమ్ము, అంతకుముందు ఆ నాడెను ముద్దాడిన వాళ్ల ఎంగిలి కూడా నోట్లోకి వస్తాయి. పొద్దస్తమానం ఇదే పని కావడంతో పడుచుతనం పోకముందే ముందు పళ్లు పుచ్చి ఊడతాయి. తబితాకి అప్పటికే ఒకటి పోయింది, పక్కది కదులుతోంది. ఆమె నవ్వు చూసే ఈనక్ పెళ్లి చేసుకున్నాడు. అది కళ్లముందే పోతుంటే అతనికి ముద్ద దిగేది కాదు.

"నోరు పెట్టే పని లేని నాడె చేస్తానే," అన్నాడు ఒక ఆదివారం భోజనాల దగ్గర.

"చెయ్యి నాయనా, చెయ్యి. ముందు ఆ తలుపు గొళ్లెం సంగతి చూడు. ఆర్నెల్లుగా తాడుతో కడుతున్నా."

"వెటకారమా? నీ పళ్ల కోసమేనే ఇదంతా."

"మా అమ్మకీ పోయాయి. అయినా ఓట్స్ గంజి తాగడానికి పళ్లెందుకయ్యా?" అంది గానీ, నవ్వేటప్పుడు చేత్తో నోరు కప్పుకుంది.

అది చూసి ఈనక్‌కి ఏడుపొచ్చినంత పనయింది. ఆ రోజే చెక్క ముందేసుకుని కూర్చున్నాడు. ఎన్నో చెక్కలు పొయ్యిపాలయ్యాక, రెండో చలికాలానికి నాడె తయారయింది. కన్ను పెద్దది చేసి, లోపల గాజులా నున్నగా అరగదీశాడు. పక్కన సన్నటి ఇత్తడి కొక్కెం బిగించాడు. దానికి దారం తగిలించి వేలితో లాగితే చాలు. వంటింట్లో లాగినప్పుడల్లా వచ్చింది. తలుపు గొళ్లెం అలాగే ఉంది.

మిల్లు యజమాని క్రాషా దొర పరీక్షకు ఒప్పుకున్నాడు. "నా మగ్గం ఎక్కువసేపు ఆగిందో, నీ నాడె బాయిలర్లోకే," అన్నాడు. పరీక్షలో మగ్గం నడిపేది తబితాయే కావాలని ఈనక్ పట్టుబట్టాడు. ఆమె కోసం చేసింది ఆమె చేతిలోనే నెగ్గాలి కదా!

షెడ్డులో మగ్గాల మోతకు చెవులు పనిచేయవు. నేతపని ఆడవాళ్లంతా ఒకరి పెదవులు ఒకరు చూసి మాట్లాడుకుంటారు.

"ఏం వదినా, ఇహ ముద్దులన్నీ మేస్త్రీకేనా?" అని పక్క మగ్గం సాలీ పెదవులు కదిపింది.

"ఆయనకెన్ని కావాలే? ఆదివారం ఒకటి పడేస్తే వారమంతా సర్దుకుంటాడు," అని తబితా కూడా పెదవులతోనే జవాబిచ్చింది.

దొర వచ్చి, జేబుగడియారం తీసి పట్టుకుని నిలబడ్డాడు. కండె అయిపోయింది. తబితా మగ్గం ఆపి, కొత్త కండె పెట్టి, కొక్కెం వైపు వేలు పోనిచ్చింది. అంతలో దొర చేతిలోని గడియారం కంటపడింది. మగ్గం ఆగితే కూలి ఆగినట్టేనన్న భయం చిన్నప్పటి నుంచి ఒంట్లో ఇంకిపోయినది. ఆమె చెయ్యి దానంతటదే నాడెను నోటికెత్తింది.

"కొక్కెం! కొక్కెమే!" అని ఈనక్ గొంతు చించుకున్నాడు. ఆ మోతలో ఎవరికి వినబడుతుంది? అతని పెదవులు చూస్తే తెలిసేదే గానీ, ఆమె కళ్లు గడియారం మీదున్నాయి.

కన్ను పెద్దది, దారి నున్నటిది. పాత నాడెకి రెండు మూడు సార్లు పీల్చాల్సి వచ్చేది, దీనికి ఒక్కసారి పీల్చగానే దారం జర్రున వచ్చింది. రెప్పపాటులో మగ్గం మళ్లీ ఆడింది.

దొర ముఖం చేటంత అయింది. ఈనక్‌ని బయటికి తీసుకెళ్లి భుజం తట్టాడు.

"శభాష్ డక్‌వర్త్! ఇంత తేలిగ్గా ముద్దుకి లొంగే నాడె నేనెక్కడా చూళ్లేదయ్యా!"

"అది ముద్దు కోసం కాదు దొరా. ముద్దు మాన్పించడానికండీ..."

"మాన్పించడమెందుకు? నాలుగు మగ్గాల మనిషి ఇహ ఆరు నడపొచ్చు. అన్నట్టు ఆ ఇత్తడి ముక్క పీకెయ్. పెదవులకి గీరుకుంటుంది, పాపం, ఆడవాళ్లు."

దొరకు ఆడవాళ్లంటే అంత జాలి.

ఆ సాయంత్రం తబితా శాలువా కూడా తీయకుండా బల్ల దగ్గర కూలబడింది. "నేనే చెడగొట్టానయ్యా. చెయ్యి నా మాట విన్లేదు," అని వెక్కివెక్కి ఏడ్చింది. ఈనక్ ఆమె శాలువా తీసి మడతపెట్టాడు. టీ కాచి ఇచ్చాడు.

కొన్నాళ్లకే లోయలోని మిల్లులన్నిటా డక్‌వర్త్ నాడెలే ఆడాయి. మనిషికి ఆరేసి మగ్గాలు, వాటికి తగ్గట్టు ముద్దులు. పళ్లు ఇంకా త్వరగా ఊడసాగాయి. తబితాకి ముందు వరస మొత్తం పోయింది. మేస్త్రీకి కూడా బుర్ర ఉంటుందని రుజువు చేసినందుకు చర్చిలో టీ విందు పెట్టి ఈనక్‌కి సన్మానం చేశారు. బోసినోళ్ల ఆడవాళ్లంతా ముందు బల్లల్లో కూర్చుని మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టారు.

దొర ఇచ్చిన బహుమానంతో ఈనక్ మాంచెస్టర్‌లో భార్యకు కట్టుడు పళ్లు చేయించాడు. ఆదివారం తబితా అవి పెట్టుకుని చర్చికి వెళ్లింది. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. ఆ నవ్వు చూస్తూ నడిచి ఈనక్ దారిలో రెండుసార్లు తూలిపడబోయాడు. ఇన్నేళ్ల కష్టానికి ఇది చాలు అనుకున్నాడు.

సోమవారం పొద్దున మిల్లు కూత వేసింది. ఈనక్ చెక్కబూట్లు తొడుక్కుంటున్నాడు. తబితా శాలువా కప్పుకుని, పళ్లు తీసి, చేతిరుమాల్లో చుట్టి అతనికి అందించింది.

"టీ కప్పులో వేసి పైన పెట్టు. ఆదివారం దాకా పదిలం." మాటలో సగం గాలే వచ్చింది.

"పెట్టుకునే రావే. అందుకే కదా చేయించాను."

"భలేవాడివే! పీలిస్తే ఊడి నీ నాడెలో పడవూ?" అని తబితా నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకుని.