ఎల్లమ్మ దీపం, ఆయిల్ బత్తి

ఎనభైల మొదట్లో, వానాకాలం నడుమ, కామాటిపుర గల్లీలోని టాక్సీ గ్యారేజీలో డ్యూటీకి చేరాను. రేకుల కప్పు. గుమ్మం ముందు మోకాలి లోతు నీళ్లు. మా ఆయన పోయాక దొరికిన మొదటి కొలువు. పొద్దున ఎనిమిదికి హాజరు, దీపాలు పెట్టే వేళకు సెలవు. నాకిచ్చిన సామాను: ఒక పానా, వైర్లు కోసే పక్కడ్ ఒకటి, రెండు వైర్లు తగిలించిన టెస్ట్ బల్బు. నేను కాపు కాసే మోర్చా డ్రైవర్ సీటు. మెకానిక్ మేస్త్రి బానెట్ కింద తలపెట్టి వైర్లు కదిలిస్తాడు. అతను అడిగినప్పుడల్లా, స్టీరింగ్ ముందున్న ఎర్రటి ఆయిల్ బత్తిని చూసి నేను కేకెయ్యాలి.

“వదినా?”

“వెలిగింది!”

“ఇప్పుడు?”

“ఆరింది!”

అదే మా వైర్‌లెస్. తాళం తిప్పగానే ఆ బత్తి వెలగాలి. ఇంజన్ నడవగానే ఆరాలి. ఆరలేదంటే ఇంజన్‌కు ఆయిల్ అందడం లేదని భయం.

ఒకరోజు మహబూబ్‌నగర్ నుంచి వలసొచ్చిన డ్రైవర్ ఒకతను టాక్సీ తెచ్చాడు. ఇంజన్ నడుస్తున్నా బత్తి సన్నగా వెలుగుతూనే ఉంది. సాయంత్రంలోగా ఆరకపోతే ఇంజన్ విప్పమని టాక్సీ సేటు హుకుం. విప్పితే బండి మూలన పడుతుంది, అతను కూలి అడ్డా మీద నిలబడాలి.

మేస్త్రి ఆయిల్ ప్రెషర్ మీటర్ బిగించి చూశాడు. ఆయిల్ బాగానే ఎక్కుతోంది. బత్తిని వెలిగించే, ఇంజన్ మీది ఆయిల్ స్విచ్ నుంచి వైరు ఊడదీశాడు. బత్తి ఆరాలి. ఆరలేదు.

“వైరు ఏడనో బాడీకి తగులుతున్నది,” అన్నాడు మేస్త్రి.

“తగిలితే పూరా వెలగాలె గదా? గిది సగం సచ్చినట్టున్నది,” అన్నాను.

అప్పుడు నా ముందున్న ఎల్లమ్మ పటం చూశాను. పటం కింద చిన్న బల్బు. అదీ మసకే. వైరు మళ్లీ తగిలించమన్నాను. ఇంజన్ ఆపి తాళం మాత్రం తిప్పాను. ఎర్ర బత్తి నిండుగా వెలిగింది, అమ్మవారి బల్బు ఆరింది. ఇంజన్ నడిపితే రెండూ మసక.

“అమ్మోరి దీపం వైరు ఏడికెళ్లి తీసినవ్ తమ్మీ?”

డ్రైవర్ తల గోక్కున్నాడు. “బోనాలకు నేనే పెట్టిన అక్కా. గా ఎర్ర బత్తి వైరుకే. బండి నడిస్తేనే ఎలుగుతది, స్టాండుల బ్యాటరీ దిగదు.”

“మస్తు దిమాగ్ వాడినవ్!” మేస్త్రి నవ్వాడు. “ఎల్లమ్మకు సగం, ఆయిల్‌కు సగం కరెంటు పంచినవ్.”

ఆ వైరు తెంపాలి. మేస్త్రి చెప్పులైతే విడిచాడు గానీ చెయ్యి పెట్టలేదు. ఎల్లమ్మ కోపమంటే భయం. నేను పక్కడ్ తీశాను. డ్రైవర్ నా బొట్టులేని నుదురు చూసి జంకాడు.

“ఆగక్కా... నువ్వు... అమ్మోరిని...”

“ముండదాన్ననా? ఎల్లమ్మ చెప్పిందా నీకు, నేను ముట్టొద్దని? అయితే పో, అడ్డా మీద నిలవడు.”

తలొంచుకున్నాడు. “నువ్వే తియ్యి అక్కా.”

కోశాను. “ఆరింది!” అన్న నా కేక గల్లీ దాటి ఫాక్‌లాండ్ రోడ్ దాకా వినబడి ఉంటుంది. అమ్మవారి బల్బుకు విడిగా వైరు లాగి, చిన్న బటన్ పెట్టాను. నిండుగా వెలిగింది. డ్రైవర్ కుంకుమ భరిణె తెరిచి నా ముందు పట్టాడు.

“అమ్మోరికి బొట్టు నువ్వే పెట్టు.”

గ్యారేజీ మూతపడేదాకా ఆ డ్యూటీ చేశాను. తర్వాత చాల్‌లోని ఒంటిగదికి, నా స్టవ్వు దగ్గరికి తిరిగొచ్చాను. తృప్తిగానే వచ్చాను. చాలా మరిచిపోయాను. ఆ పటం మాత్రం కళ్లముందు నుంచి పోదు. ఎల్లమ్మ నుదుట ఎర్రటి బొట్టు, దాని చుట్టూ నల్లగా నా వేలి గ్రీజు.