జూమ్ లెన్స్ అరలో ఖడక్ రొట్టెలు

రేపు మైసూరు ప్రయాణం. ఊరంతా నడిచే చూడాలి కాబట్టి, భుజం లాగకుండా ఒక్క చిన్న లెన్స్ చాలనుకుని, గుండె రాయి చేసుకుని జూమ్‌నీ వైడ్‌నీ బీరువాలో పెట్టేశాను. కెమెరా బ్యాగు ఎంత తేలికైందంటే, దాన్ని తగిలించుకుని ఇల్లంతా గంతులేశాను!

స్నానం చేసి వచ్చి ఎత్తితే బ్యాగు కదల్లేదు.

"అత్తమ్మా, ఇండ్ల ఏం పెట్టిన్రు?"

"జాగా ఖాళీగుండె గదా, పల్లీల పొడి డబ్బా, ఖడక్ జొన్నరొట్టెలు పెట్టిన. సుట్టూ మెత్తగుంది, ఒక్క రొట్టె గూడ ఇర్గదు. ఇన్నొద్దులకు పనికొచ్చే సంచి కొన్నవ్ తల్లీ!"

నా కెమెరా సామాన్లలో అత్తమ్మ దేన్నైనా మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. ఇక ఆ రొట్టెలు తీస్తానా? ఇప్పుడు నెయ్యి సీసా పట్టుకుని నిలబడ్డారు, మిగిలిన ఒక్క లెన్స్ వైపే చూస్తూ. ఏం చేయమంటారు?