ముందుగా రంగు పట్టిన బిళ్ళలు

గర్భసంచిలో క్యాన్సర్ అన్నప్పుడు నేను ఏడవలేదు. కాళ్ళు వాస్తాయేమో అన్నప్పుడు ఏడ్చాను. మా ఆయన పోయినప్పటి నుంచి నాకు కూడు పెట్టింది ఈ కాళ్ళే. మైపాడులో చేపల గంప నెత్తికెత్తుకుంటే ఊళ్ళన్నీ తిరగాలి.

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కడుతుంది కదా, అలాంటి బిళ్ళలు కడుపులో కూడా ఉంటాయట. రోగం పాకితే ముందు వాటిలోకే పాకుతుందట.

"అన్నీ తీసేస్తే కాళ్ళు వాయచ్చు. అందుకని గర్భసంచి మూతి దగ్గర నీలం మందు ఎక్కిస్తాం. ముందుగా రంగు పట్టిన బిళ్ళల్నే తీసి పరీక్షకు పంపుతాం. అవి మంచివైతే మిగతావాటి జోలికి పోము" అంది.

పొట్ట కోయకుండా చిన్న చిన్న బొక్కలు పెట్టే గర్భసంచీ, రంగు పట్టిన బిళ్ళలూ తీశారు. తెలివొచ్చేసరికి మా ఆయన చెల్లెలు పక్కనుంది. తనూ నాతోపాటే చేపలమ్ముతుంది. మూత్రం సంచి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"వదినా, సముద్రమంతా తాగేసినావా ఏంది? నీలంగా వస్తా ఉండాదే!"

"నవ్వించబాకమ్మే, కుట్లు లాగతా ఉండాయి."

పడవ ఒడ్డు తాకినా, మగవాళ్ళు చెప్పేదాకా "ఏం పడింది?" అని మా ఇంట్లో ఆడవాళ్ళు అడగరు. అడిగితే వల ఖాళీ అవుతుందని భయం. పరీక్ష సంగతి తెలుసుకోడానికి ఇంటి నుంచి మళ్ళీ ఆసుపత్రికి వచ్చిన రోజునా మేం అలాగే ఉన్నాం. డాక్టరమ్మ కుట్లు చూసింది, తిండి గురించి అడిగింది, పొమ్మంది. ఆ మాట చెప్పలేదు. మేం అడగలేదు. చెప్పలేదంటే చెడ్డదేననుకుని బయట బెంచీ మీద కూలబడ్డాం.

ఆడబిడ్డ నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుంది.

"గంప నేను మోస్తాలే వదినా."

"నీ నోటికి కొనేవోళ్ళు పారిపోతారే."

"పోతే మనమే వండుకు తిందాం."

మధ్యాహ్నం భోజనానికి పోతూ డాక్టరమ్మ ఆగింది.

"ఇంకా వెళ్ళలేదా? ఏం కావాలి?"

"మేం అడగకూడదమ్మా, మీరే చెప్పాల" అంది ఆడబిడ్డ, నా పాదాలు నొక్కుతూనే.

డాక్టరమ్మ తెల్లబోయింది. "నిన్న ఫోన్లో సిస్టరు చెప్పలేదా? చెప్పిందనుకున్నాను. ఆ బిళ్ళల్లో ఏమీ లేదమ్మా. మిగతావి తియ్యక్కర్లేదు. కొన్నాళ్ళు బరువులెత్తకుండా ఉంటే చాలు."

ఆడబిడ్డ నా పాదాల మీద తల పెట్టి ఏడ్చింది.

"లెయ్యమ్మే, బస్సు పోతాది."

"ముందు నువ్వు నడువు వదినా. నేను చూడాల."

వరండా పొడుగునా నడిచాను. తను వెనకాలే, నా కాళ్ళకేసి చూసుకుంటూ వచ్చింది.