నాలుక ఎర్రబడక ముందు

పన్ను పీకించుకున్న తర్వాతి వారం, ఇక్కడ గల్ఫ్‌లో, దార్సైట్‌లోని మా రూమ్ అద్దంలో నాలుక చూసుకుని భయపడ్డాను. నడిమధ్యన బొగ్గు రాసినట్టు నల్లగా ఉంది. దగ్గరగా చూస్తే సన్నగా నూగు మొలిచినట్టు కూడా ఉంది.

ఆ వారమంతా నా భార్యతో వీడియో ఆపి మాట్లాడాను. ఆమె ఖురియాత్‌లో ఒక ఇంట్లో పని చేస్తుంది. మాది కడప దగ్గర పల్లె. ఇక్కడ మా ఇద్దరి మధ్య కారులో గంటన్నర దూరమే, కానీ ఆమెకు బయటికి వచ్చే వీలుండదు. ఊరికి పోయే సెలవులూ ఎప్పుడూ కలవలేదు. పోయినసారి నేను తిరిగి వచ్చాకే ఆమెకు సెలవు దొరికింది. ఊళ్లో ఇంటి తాళంచెవి నేను పక్కింటి పెద్దమ్మ చేతిలో పెట్టి వస్తే, ఆమె అక్కడ తీసుకుంది. నేను మడిచిపెట్టిన దుప్పటే కప్పుకుని పడుకున్నానని ఫోన్‌లో చెప్పింది. ఈసారి నాకు రంజాన్ అయినాక సెలవు ఖాయమైంది. ఆమె పనిచేసే ఇంటి మేడం మాత్రం ఆమె సెలవు గురించి ఏ మాటా చెప్పలేదు.

పక్క మంచం ఆయనది జగిత్యాల దిక్కు. నాలుక మీద నల్లమచ్చ ఉన్నవాళ్లు ఏదంటే అది జరుగుతుందని మా దగ్గరా, వాళ్ల దగ్గరా ఒకటే మాట.

"అన్నా, గిది మచ్చ నాలుకనే. నాకు మంచి డ్యూటీ పడ్తదని ఒక్కసారి అనరాదే," అన్నాడు.

"ఊరుకోబ్బా."

"నేను ఊకుంట గని, నువ్వే జర పైలం. సూపర్‌వైజర్‌ను తిట్టకు. ఆయనకేమన్న అయితే మనల సైట్‌కు ఎవలు తోల్కపోతరు?"

నవ్వాను. లోపల మాత్రం, ఇది పెద్ద జబ్బయితే నా సెలవు ఆసుపత్రి పాలవుతుందేమోనని గుబులు.

నేను బడిలో ఎక్కువ చదవలేదు. గోడకు ఎన్ని బ్లాకులు పడతాయో, ఎంత సిమెంటు పోతుందో సైట్‌లోనే చూసి నేర్చుకున్నాను. లెక్క తప్పినప్పుడు మారనివాటిని పక్కన పెట్టి, ఏది మారిందో వెతకాలి. నాలుకకూ అదే పద్ధతి పెట్టాను. తాగే నీళ్లు మారలేదు, పేస్టు మారలేదు. పంటికి ఇచ్చిన యాంటీబయాటిక్ మాత్రలు కొత్తవి. నొప్పికి అన్నం నమలలేక గంజి తాగాను. ఊరట కోసం పాలు లేని సులైమానీ టీ గ్లాసు మీద గ్లాసు తాగాను.

ఇంకొకటి ఆలస్యంగా తట్టింది. నాలుక గీసుకోవడం మానేశాను. ఒకరోజు పొద్దున కుళాయి దగ్గర మామూలుగా గీసుకుని ఓకరిస్తుంటే, పక్క రూమ్‌లోకి కొత్తగా వచ్చిన ఈజిప్టు మనిషి నాకు వాంతులవుతున్నాయనుకుని నీళ్ల సీసాతో పరుగెత్తుకొచ్చాడు. నా వీపు కూడా నిమిరాడు. ఆ సిగ్గుతో నాలుక బద్ద పెట్టెలో పడేశాను.

క్లినిక్‌లో డాక్టరమ్మకు ఇవన్నీ హిందీలో వరుసగా చెప్పాను. నా నాలుక చూసి, దీనివల్ల హాని లేదంది. నాలుక మీద సన్నని మొలకల్లాంటివి ఉంటాయట. తిండి రాపిడికి, బద్ద గీకుడుకు అవి అరుగుతుంటాయి. అరగకపోతే పొడుగు పెరిగి టీ రంగునూ, నోట్లోని క్రిముల రంగునూ పట్టుకుంటాయి. మాత్రలు దానికి తోడయ్యాయి. నీళ్లు బాగా తాగి, టీ తగ్గించి, రోజూ మెల్లగా గీసుకుంటే పోతుందనీ, పోకపోతే మళ్లీ రమ్మనీ చెప్పింది.

రూమ్‌కు వచ్చి పెట్టెలోంచి బద్ద తీశాను. రాగి బద్ద. మొదటిసారి ఇక్కడికి వచ్చేటప్పుడు నా భార్యే సర్దింది. దాని జత ఆమె దగ్గర ఉంది. పొద్దున్నే మా పెరట్లో ఇద్దరం గీసుకునే చప్పుడుకు కోళ్లు దూరంగా పోయేవి. ఆ రెండు చప్పుళ్లూ ఒకచోట వినపడి ఏళ్లయింది.

గీసుకోబోయి ఆగాను. శుక్రవారం మధ్యాహ్నం, ఆమె పనిచేసే ఇంట్లో అందరూ భోంచేసి పడుకునే వేళ. వీడియో కాల్ చేశాను.

"ఏమయ్యా, వారం నుంచి మొగం చూపీలేదు. ఏందో దాస్తాండావని నాకు తెల్సు," అంది.

నాలుక చాపి చూపించాను. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను.

"మరి గీక్కోకుండా నాకెందుకు ఫోన్ చేసినావు?"

"గీక్కునే ముందు ఒక మాట అందామని."

"నీకు ఇట్లాంటివాటి మీద నమ్మకం లేదు కదయ్యా?"

"ఇప్పుడూ లేదు."

"అయితే అను మల్ల."

"ఈసారి ఇద్దరం ఒకే విమానంలో పోతాం."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆమె వెనక వాషింగ్ మెషీన్ తిరుగుతోంది.

"ఇంగోసారి అను," అంది. "మెల్లగా."

అన్నాను. ఆ తర్వాతే బద్ద తీసుకుని కుళాయి దగ్గరికి పోయాను.

ఇప్పుడు నాలుక మామూలు రంగుకు వచ్చింది. మేడం ఇంకా ఏమీ చెప్పలేదు. టికెట్ ముందుగా తీసుకుంటే చవకని అందరికీ లెక్కగట్టి చెప్పేది నేనే. నాది మాత్రం ఇంకా తీసుకోలేదు.